కాటన్ క్వీన్‌లో రెండు మంచాల గది

లాంబర్ట్, మిసిసిపీ
2005 జనవరి 11, మంగళవారం

మెంఫిస్‌లో తెల్ల టోపీ పెట్టుకుని తిరిగే నా చెల్లెలు వెర్నెల్‌కి,

నేను నీ అక్క లూవీనియాని. చెబుతున్నది నేను, రాస్తున్నది పక్కింటి ఆల్మెడా. ముప్ఫై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి. నా మాట ఒక్కటి కూడా మింగకుండా రాస్తానని బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పింది. ఫోను ఎందుకు చెయ్యలేదని అడగొద్దు. ఫోనులో నా మాట సగంలో ఉండగానే "పొయ్యి మీద కూర ఉందక్కా" అని పెట్టేస్తావు. ఒంటికాయదానివి, ఎంత కూర వండుతావే నువ్వు? కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

విషయానికొస్తాను. మార్చి పన్నెండుకి నాకు ఎనభై నిండుతాయి. ఆ శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఎప్పటిలాగే నది పక్క కాసినోలకి వెళుతున్నాం. ఎప్పుడూ హోటలు నువ్వే చూస్తావు. ఈసారి నేను చూస్తాను.

కాటన్ క్వీన్‌లో మనమెప్పుడూ దిగే గదికి రాత్రికి నా వంతు నలభై డాలర్లు. తొమ్మిదేళ్లుగా ఏడాదికి రెండుసార్లు చేతిరుమాల్లో కట్టి నీ చేతిలో పోస్తున్నాను. సిల్వర్ పెలికన్‌లో గది మొత్తానికే ముప్ఫై అయిదని ఆల్మెడా అంటోంది. బిగ్ లెవీలో నలభై, పొద్దున్నే మెత్తటి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ ఊరికే పెడతారట. మరి మనం ఆ రాణిగారి కొంపలోనే ఎందుకు దిగాలి? ఇద్దరు ముసలమ్మలకి అద్దాల గోడలెందుకు? నాకు కావలసింది పట్టుకుని లేవడానికి కమ్మీ ఉన్న నీళ్ల తొట్టి, రెండు మంచాలు, లిఫ్టుకి దగ్గర గది. కిటికీ పక్క మంచం నాది. నిరుడు నువ్వు నాకంటే ముందు గదిలో దూరి పర్సు దాని మీద విసిరేశావు. నేను మర్చిపోయాననుకోకు.

కనుక్కుని రాయి. తొందరగా రాయి, ఈ వయసులో నన్ను ఎదురుచూడమనడం మర్యాద కాదు.

నీ అక్క లూవీనియా, దాని గుర్తు: X

*

మెంఫిస్
జనవరి 18

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఆల్మెడాగారి చేతిరాత ముత్యాల్లా ఉంది. ఆ ముత్యాలతో నువ్వు నన్ను తిట్టించడమే బాలేదు.

ముప్ఫై అయిదు డాలర్ల గది సంగతి నేను చెప్పనా? ఆ ప్రకటన కింద చీమల్లాంటి అక్షరాలతో ఇంకో మాట ఉంటుంది. ఆ ధర సోమవారం నుంచి గురువారం దాకానే. శనివారం రాత్రికి అదే గది తొంభై. నువ్వు చదవలేవు కాబట్టి నీకు పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ ఒకటే. బిగ్ లెవీ సంగతి అసలు ఎత్తకు. మా చర్చిలో ఒకావిడ మరదలు అక్కడ దిగితే దుప్పట్లో ఎవరిదో పన్ను దొరికిందట. బంగారం పన్నయినా కాదు.

కాటన్ క్వీన్‌లో ఒక్క పైసా తగ్గించమని అడిగినా పరువు తక్కువ. మనల్ని ఎరిగిన చోటు, మర్యాదగా చూస్తారు. నీ వంతు నలభై అంటే నలభయ్యే. హోటలు చూడటం, గుమాస్తాతో మాట్లాడటం, తాళం చెవి తేవడం నా పని. కారెక్కడం, దిగడం నీ పని. అదైనా సరిగ్గా చెయ్యి. అక్టోబరులో నా కారు సీటుకి ఏమైందో ఆల్మెడాగారు పైకి చదివే కాగితంలో రాయను. ఈసారి ప్లాస్టిక్ పరిచి తెస్తాను.

వేళకి మందులు వేసుకో.

నీ చెల్లెలు
వెర్నెల్

*

లాంబర్ట్
జనవరి 25, మంగళవారం

వెర్నెల్,

నీ సీటు తడిసింది నువ్వు చేసిన పీచ్ పళ్ల తీపి, ఆ కాబ్లర్ గిన్నె ఒలికి. మూత సరిగ్గా పెట్టలేదు నువ్వు. నేను తుడిచాను కూడా, నా పండగ కోటుతో. ఆల్మెడా ఇది చదివినప్పుడు ముఖం అటు తిప్పుకుంది. నవ్వుకోవడానికి తిప్పుకుందని నాకు తెలుసు. నా బతుకులో నన్నింత మర్యాదగా అవమానించినవాళ్లు లేరు. పొలం యజమాని కొట్టులో గుమాస్తా కూడా తిట్టినప్పుడు మొహం మీదే తిట్టేవాడు.

ఇంకో రెండు సంగతులు.

ఒకటి. మీ చర్చి ఆడవాళ్ల దగ్గర్నుంచి నాకొక కార్డు వచ్చింది. పువ్వుల బొమ్మ, లోపల పద్నాలుగు మంది సంతకాలు. "సోదరి లూవీనియా, మీ ఆఖరి రోజుల్లో ప్రభువు మీ పడక పక్కనే ఉండుగాక, మేం పంపిన చిన్న కానుక అందిందనుకుంటాం" అని ఉందట. ఆల్మెడా రెండుసార్లు చదివింది. నేను పొద్దున్నే లేచి కోళ్లకి గింజలు జల్లి, బూడిద ఎత్తి, ఈ కుర్చీలో కూర్చున్నాను. ఆఖరి రోజులేమిటే? కానుకేమిటి?

రెండు. ఆల్మెడాకి సిల్వర్ పెలికన్ వాళ్లు కవరు పంపారు. రెండు రాత్రులు గది ఊరికే. పైసా కట్టక్కర్లేదు. కార్డు పెట్టి ఆడితే ఎంత ఆడామో కంపెనీవాళ్ల మిషను చూస్తూ ఉంటుందట, తగినంత ఆడినవాళ్లకి గది ఊరికే ఇస్తుందట. ఆల్మెడా ఏడాదిలో ఆడింది నేనొక శనివారం ఆడతాను. మరి నా కవరేది? ఆ బంగారు రంగు కార్డు, మెలికల తాడుతో నువ్వు నా గౌనుకి తగిలిస్తావే, అదే. తొమ్మిదేళ్లుగా దాన్ని పావలాలు వేసి ఆడే జూదం మిషను నోట్లో పెడుతూనే ఉన్నాను. ఆదివారం తిరిగి నువ్వే తీసుకుని దాస్తావు. కాటన్ క్వీన్ వాళ్లని అడుగు, లూవీనియా టాల్బర్ట్ ఏం పాపం చేసిందని.

జవాబులో రెండిటికీ రెండు జవాబులు ఉండాలి.

నీ అక్క: X

*

మెంఫిస్
ఫిబ్రవరి 3

అక్కా,

రెండిటికీ రెండు జవాబులు.

మా చర్చిలో తెల్ల గౌన్లు వేసుకునే పెద్దావిడల తల్లుల సంఘం ఉంది కదా, అందులో ఉన్నవాళ్లు ఆదివారం ఆరాధనకి రాకపోతే కారణం చెప్పాలి. కాసినోకి వెళుతున్నానంటే మా పాస్టరుగారు వేదిక మీదే నా తెల్ల గౌను విప్పిస్తారు. అక్కకి ఒంట్లో బాగాలేదు, చూసుకోవడానికి వెళుతున్నానని చెప్పాను. ఎనభై ఏళ్లకి ఎవరికి బాగుంటుంది? అబద్ధమేమీ కాదు. వాళ్లు దాన్ని కొంచెం సాగదీసుకున్నారు, అంతే. కానుక అంటే ప్రార్థన. మా చర్చిలో అలాగే అంటారు.

ఇక కవరు సంగతి. నీ మనసు కష్టపెట్టకూడదని ఇన్నాళ్లూ చెప్పలేదు. కంపెనీ కవరు పంపాలంటే ఆ మనిషి సంతకం వాళ్ల పుస్తకంలో ఉండాలి. X పెట్టేవాళ్లకి పంపరు. అది చట్టం. ఆల్మెడాగారు పేరు రాయగలరు కాబట్టి వచ్చింది. నీకు రాదు. అడిగి నలుగురిలో నవ్వులపాలు కావడం దేనికి?

చలి ఎక్కువగా ఉంది. మోకాళ్లకి ఉన్నిగుడ్డ చుట్టుకో.

వెర్నెల్

*

లాంబర్ట్
ఫిబ్రవరి 22, మంగళవారం

వెర్నెల్‌కి,

నీ ఉత్తరం చదివి ఆల్మెడా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇదేం చట్టం లూవీనియా? ముప్ఫై ఏళ్లు X పెట్టినవాళ్లకి ఉత్తరాలు పంచాను నేను" అంది. నోరు మూసుకోమన్నాను. మా చెల్లెలు పన్నెండు క్లాసులు చదివింది, నాకు అబద్ధం ఎందుకు చెబుతుంది అన్నాను. ఈ మాట కూడా రాయమన్నాను, రాసింది.

ఆ రోజు కూడు దిగలేదు నాకు. అమ్మ పోయినప్పుడు నీకు రెండేళ్లు, నాకు పదకొండు. నేను చేలోకి వెళ్లి పత్తి ఏరితే నువ్వు బడికెళ్లావు. ఇద్దర్నీ బడికి పంపే ఇల్లు కాదు మనది. అందులో ఫిర్యాదేమీ లేదు. కానీ గదికి కూడా అది అడ్డం వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు ఆల్మెడాని పిలిచి, నా పేరు నేర్పమన్నాను. మొత్తం అక్షరాలు వద్దు, నాకంత టైము లేదు. ఒక్క నా పేరు చాలు. కిరాణా కొట్టు కాగితం సంచులు చింపి, వాటి మీద రెండు వారాలు దిద్దాను. పెన్సిలు పట్టుకుంటే వేళ్లు పత్తికాయ వొలుస్తున్నట్టు ముడుచుకుపోతాయి. మొదటి అక్షరం, ఇంగ్లీషు ఎల్, కుర్చీలో కూర్చున్న మనిషిలా ఉంటుంది, తల ఎత్తుకుని, కాళ్లు చాచుకుని. అది నాకు నచ్చింది. అది రాయడం వచ్చిన రోజు ఆల్మెడా నాకు చెస్ పై అనే తీపి వంటకం చేసి పెట్టింది. చక్కెర తక్కువైంది, అయినా తిన్నాను.

ఇప్పుడు నా పేరు ఎక్కడ కనిపించినా గుర్తుపడతాను. మందు సీసా మీద, కరెంటు బిల్లు మీద. ఎనభై ఏళ్లుగా ఇంటి నిండా నా పేరు ఉండేదని నాకు తెలియదే.

కాటన్ క్వీన్ కౌంటరు పిల్లకి చెప్పు, మా అక్కకి సంతకం వచ్చిందని. కింద పెట్టింది నేనే, ఆల్మెడా ముట్టుకోలేదు.

లూవీనియా

*

మెంఫిస్
మార్చి 1

అక్కా,

నీ సంతకం చూశాను. కోడి పెంటకుప్ప కెలికినట్టుంది. ఈ వయసులో నీకిదేం సరదా? పెళ్లి రిజిస్టరులో పెట్టాలా, బ్యాంకు చెక్కు మీద పెట్టాలా?

పదకొండో తారీకు పదింటికి వస్తాను. గుమాస్తా దగ్గర నేను మాట్లాడతాను, నువ్వు ఎప్పటిలాగే సామాన్ల దగ్గర కూర్చో. డబ్బు ఈసారి చేతిరుమాల్లో తేకు. నోట్లన్నీ నీ నశ్యం కంపు కొడతాయి.

వెర్నెల్

*

లాంబర్ట్
మార్చి 15, మంగళవారం

నా ఒక్కగానొక్క చెల్లెలికి,

క్షేమంగా ఉన్నాను. నన్ను తీసుకెళ్లి తీసుకొచ్చినందుకు సంతోషం. ఎనభయ్యో పుట్టినరోజు ఇంత బాగా జరుగుతుందనుకోలేదు. శనివారం రొయ్యలు బాగున్నాయి. కిటికీ పక్క మంచం నువ్వే తీసుకున్నా నాకేమీ బాధ లేదు. ఇప్పుడా మిషన్లు నాణేలు కక్కడం మానేసి కాగితం ముక్కలు ఇస్తున్నాయి. చేతులు నల్లబడకపోతే ఆడినట్టే ఉండదు. అదొక్కటే లోటు.

మధ్యాహ్నం నువ్వు నోరు తెరుచుకుని నిద్రపోతున్నప్పుడు నేను కిందకి వెళ్లి కౌంటరు పిల్లతో కాసేపు మాట్లాడాను. చాలా మర్యాదస్తురాలు. నీ గురించి మంచిగా చెప్పింది.

కారులో ఉక్కగా ఉంటే నాకు విసురుకోమని ఇచ్చావే, మీ చర్చి అట్ట విసనకర్ర, అది అక్కడే ఉండిపోయింది. వెతక్కు.

నీకు రావలసింది నీకు అందుతుంది.

లూవీనియా

*

మెంఫిస్
ఏప్రిల్ 11

అక్కా,

ఈ ఉత్తరం ఆల్మెడాగారితో తలుపు వేసి చదివించుకో.

నిన్న ఆరాధన అయ్యాక పాస్టరుగారు సంఘాన్ని కూర్చోమన్నారు. ఆయన చేతిలో బంగారు రంగు కవరు. దాని మీద కాళ్లెత్తి ఆడుతున్న ఆడపిల్లలు, పేకముక్కలు. పేరు నాది, చిరునామా చర్చిది. చర్చికి వచ్చింది కదా అని చర్చి గుమాస్తా చింపి చూసిందట. ఆయన గొంతు ఎలాంటిదో నీకు తెలీదు, సమాధుల్లోవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. ఆ గొంతుతో చదివారు. "ప్రియమైన వెర్నెల్, కాటన్ క్వీన్ వజ్రశ్రేణి అతిథిగా మీ తర్వాతి మూడు రాత్రులు కూడా ఎప్పటిలాగే పూర్తిగా ఉచితం." ఎప్పటిలాగే అన్నచోట ఆగి, మళ్లీ చదివారు.

ఎవరో వెనక వరసలో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. నీ కోసం రెండుసార్లు బుట్ట తిప్పిన సంగతి ఎవరికో గుర్తొచ్చింది. ఆ బుట్టలో డబ్బు నీ మందులకని ఇచ్చారు. కారుకి పెట్రోలూ దారి ఖర్చూ దాంట్లోంచే తీశాను. నీ కోసమే కదా వచ్చింది, నీ కోసమే ఖర్చయింది.

ఇది బర్నీస్ పని. సంఘంలో నా కుర్చీ మీద కన్నేసి నాలుగేళ్లయింది. నా చిరునామా మార్పించింది అదే, నాకు అనుమానం లేదు.

ఉచితం సంగతి నీకు తర్వాత వివరంగా చెబుతాను. అది వేరే సంగతి, నువ్వనుకున్నట్టు కాదు.

ఇప్పుడు నువ్వొక పని చెయ్యాలి. పాస్టరుగారికి ఒక ఉత్తరం రాయించు. నీకు నిజంగానే ఒంట్లో బాగాలేదని, నేను వచ్చి చూసుకున్నానని, కానుక నీకు అందిందని. కింద నీ సంతకం పెట్టు. నీ చేత్తోనే పెట్టు, అప్పుడే నమ్ముతారు. ఇరవై నాలుగో తారీకు సంఘం నా సంగతి తేలుస్తుంది. ఆ లోపు చేరాలి. యాభై ఏళ్లుగా వెళుతున్న చర్చి అది. అది తప్ప నాకేముంది?

నీ చెల్లి వెర్నెల్

*

లాంబర్ట్
ఏప్రిల్ 19, మంగళవారం

వెర్నెల్‌కి, కుర్చీలో నిటారుగా కూర్చుని చదవమని,

బర్నీస్‌ని ఏమీ అనకు. ఆవిడెవరో నాకు తెలియదు. చేసింది నేను.

ఇదిగో నా వాదన. ఆల్మెడా, నెమ్మదిగా రాయి, ఒక్కటీ పోకూడదు.

శనివారం పొద్దున పావలా మిషను ముందు కూర్చున్నాను. నువ్వు నా గౌనుకి తగిలించిన కార్డు దాని నోట్లో పెట్టాను. పైన ఎర్ర అక్షరాలు పరుగెత్తాయి. తొమ్మిదేళ్లుగా పరుగెడుతూనే ఉన్నాయి. అదృష్టం కలగాలని దీవిస్తోందనుకునేదాన్ని. పెట్టిన ప్రతిసారీ దానికి థాంక్స్ చెప్పేదాన్ని, నువ్వు విన్నావు కూడా, విని నవ్వేదానివి. ఈసారి నా పేరు కోసం చూశాను. పేరు మొదట్లో కుర్చీలో కూర్చున్న మనిషి ఉండాలి కదా, దాని కోసం చూశాను. లేదు. ఆ చోట రెండు కర్రలు కింద గుద్దుకున్నట్టు ఒక అక్షరం వచ్చింది. కార్డు బయటికి లాగి చూశాను, దాని మీదా అదే. పక్క మిషను ఆవిణ్ణి "ఏమంటోంది తల్లీ ఇది?" అని అడిగాను. "వెల్‌కం వెర్నెల్ అంటోంది బామ్మా, నీ పేరే కదా?" అంది.

కాదన్నాను. అది నా చెల్లెలి పేరన్నాను.

నువ్వు గురక పెడుతున్నప్పుడు కౌంటరుకి వెళ్లాను. అక్కడి పిల్ల మిషన్లో చూసి అంతా చెప్పింది. ఆ ఖాతా వెర్నెల్‌ది. ఈ కార్డు దానికి తోక కార్డు, అదే ఖాతాకి రెండో కార్డు. నువ్వు పేకబల్ల దగ్గర అయిదు నిమిషాలు కూర్చుని అందగత్తెలా లేచిపోయేదానివి. రెండు రోజులూ నడుం విరిగేలా ఆడింది నేను. నేను ఆడిందంతా నీ పేరు మీదికి వెళ్లింది. మొదటిసారి తప్ప, తొమ్మిదేళ్లలో మనం దిగిన ఒక్క గదికీ ఎవరూ ఒక్క డాలరు కట్టలేదు. అందుకే నీకు సిల్వర్ పెలికన్ పనికిరాలేదు. అందుకే దుప్పట్లో పన్ను దొరికింది. "ప్రతి నవంబరులో హ్యామ్ కూడా ఇస్తాం కదండీ" అంది ఆ పిల్ల. హ్యామ్! క్రిస్మస్‌కి ఆ పంది తొడకి ఎర్ర రిబ్బను కట్టి నా గుమ్మంలో పెట్టేదానివి. నేను రెండు సీసాల పీచ్ జామ్ ఇచ్చి, "దేవుడు నిన్ను చల్లగా చూడాలే" అని నీ నెత్తి నిమిరేదాన్ని. నా హ్యామ్ నాకు తెచ్చి నా చేత దీవెనలు పెట్టించుకున్నావు.

అవన్నీ పోనీ. కవరు అడిగితే నాకు X మాత్రమే వచ్చు కాబట్టి పంపరన్నావు. చట్టమన్నావు. ఆ అబద్ధం చెప్పకుండా ఇంకేదైనా చెప్పి ఉంటే, నేను పేరు నేర్చుకునేదాన్నే కాదు. ఇంకో పదేళ్లు నీ పేరుకి థాంక్స్ చెబుతూ చచ్చేదాన్ని.

ఆ పిల్ల నా గుర్తింపు కార్డు చూసి, నాకు వేరే కార్డు ఇచ్చింది. నేను సంతకం పెట్టాను. "చక్కగా రాశారండీ" అంది. తర్వాత అడిగింది, "వెర్నెల్‌గారి కవర్లు ఇంతకుముందులాగే పోస్టుబాక్సుకే పంపాలా?" అని. చూశావా, ఇంటికి కూడా తెప్పించుకోలేదు నువ్వు. నీ విసనకర్ర నా చేతిలో ఉంది. ఒక పక్క గొర్రెపిల్లల మధ్య యేసుప్రభువు, రెండో పక్క చర్చి పేరూ వీధీ నంబరూ. నాకు చదవడం రాదు. అయినా అందులో ఏముందో తెలుసు. విసనకర్ర బల్ల మీద పెట్టి, "మా చెల్లెలు రోజంతా ఉండేది ఇక్కడేనమ్మా, ఇక్కడికి పంపితే తొందరగా అందుతుంది" అన్నాను. తోక కార్డు చేతిలో ఉంది కదా, రాసుకుంది. పాపం పిల్ల.

ఆదివారం తిరుగుదారిలో నువ్వు చెయ్యి చాచి, "నీ వంతు" అన్నావు. చేతిరుమాలు విప్పి ఇచ్చాను. లెక్కపెట్టుకున్నావు కూడా. నా బతుకులో ఏ డబ్బూ అంత సంతోషంగా ఇవ్వలేదు నేను.

నువ్వడిగినట్టే పాస్టరుగారికి ఉత్తరం రాయించాను. నాకు జలుబు కూడా లేదని, ఏ కానుకా అందలేదని, అందిందని చెప్పమని నువ్వే అడిగావని. నీ ఉత్తరం కూడా దాంతో జత చేశాను. కింద సంతకం పెట్టాను. నువ్వన్నట్టు నా చేత్తోనే పెట్టాను. అప్పుడే నమ్ముతారు.

లూవీనియా

*

మెంఫిస్
ఏప్రిల్ 27

లూవీనియా,

తెల్ల గౌను, టోపీ, చేతితొడుగులు పెట్టెలో పెట్టి ఇచ్చి వచ్చాను. బర్నీస్ తీసుకుంది. గౌను నడుం దగ్గర వదులు చేయించుకోవాలేమో అంది నాతోనే. నీకు తృప్తిగా ఉందా?

నీ వాదన చదివాను. అందులో ఒకటి లేదు. ఆల్మెడాగారూ, ఇది గట్టిగా చదవండి, ఆవిడకి సరిగ్గా వినపడదు.

1996. కాటన్ క్వీన్ తెరిచిన ఏడు. అదే కౌంటరు. అప్పుడున్న పిల్ల నీ ముందుకి కాగితం జరిపి, "ఇక్కడ మీ పేరు రాయండి మేడమ్" అంది. నువ్వు రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నావు. వెనక వరసలో ఎంతమంది ఉన్నారో చూశావు. నా చెవిలో, "నీ పేరే పెట్టవే చెల్లీ, నాకెందుకు కార్డులు" అన్నావు. నేను పెట్టాను. కార్డు నేను దొంగిలించలేదు. సిగ్గుపడి నా చేతికి ఇచ్చింది నువ్వు.

డబ్బు తీసుకున్నానా? తీసుకున్నాను. ఎందుకంటే నాకు కావాలనిపించింది. ఏడాదికి రెండుసార్లు నీ నోరు పక్కన పెట్టుకుని అంత దూరం కారు నడిపేవాళ్లు ఇంకెవరున్నారు నీకు? నీ కొడుకు నడుపుతాడా? వాడు నీ ఫోను ఎత్తడు. చచ్చిపోతూ అమ్మ నన్ను నీ చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి నా మీద వసూలు చేసుకుంటూనే ఉన్నావు. నేను తిన్న ప్రతి ముద్దకీ, చదివిన ప్రతి క్లాసుకీ నువ్వు ఏరిన పత్తి నా ముందు పోస్తూనే ఉన్నావు. రాత్రికి నలభై తీసుకుంటుంటే నాకు ఒక్కసారి కూడా తప్పనిపించలేదు. విశ్రాంతిగా అనిపించింది.

ఇక నాకు రాయించకు.

వెర్నెల్

*

మెంఫిస్
జూన్ 6

అక్కా,

రాయొద్దన్నాను. నువ్వు రాయలేదు. నా మాట మొదటిసారి విన్నావు.

వేరే చర్చికి వెళ్లి చూశాను. వెనక కూర్చున్నాను. అక్కడికీ కబురు చేరింది. పక్కన కూర్చున్నావిడ పర్సు అటుపక్కకి మార్చుకుంది. ఇప్పుడు ఆదివారాలు ఇంట్లోనే ఉంటున్నాను. కూర నిజంగానే వండుతున్నాను, పారేస్తున్నాను.

మనిద్దరమే మిగిలాం. అక్టోబరులో వెళదామా? నువ్వు చెప్పిన హోటలే. సిల్వర్ పెలికన్ అయినా సరే, బిగ్ లెవీ అయినా సరే. గది డబ్బంతా నేను పెడతాను. కిటికీ పక్క మంచం నీది. సీటు మీద ఏమీ పరవను.

జవాబు రాయించు. ఒక్క ముక్క చాలు.

వెర్నెల్

*

లాంబర్ట్
జూన్ 14, మంగళవారం

వెర్నెల్,

1996లో ఆ మాట అన్నది నేనే. ఒప్పుకుంటున్నాను. నేను మర్చిపోయాననుకుని గుర్తు చేశావు. నేనెప్పుడూ మర్చిపోలేదు. ఆ పిల్ల గోళ్ల రంగు కూడా గుర్తుంది, ముగ్గిన రేగుపండు రంగు. తొమ్మిదేళ్లలో ఆ సంగతి ఏనాడైనా నువ్వు నాతో ఎత్తావా? ఎత్తి, "రా అక్కా, ఇప్పుడు నీ పేరు పెట్టిద్దాం, X పెట్టినా తీసుకుంటారు" అన్నావా? మార్చిలో కౌంటరు పిల్ల చెప్పింది, తీసుకుంటారట. మొదటి రోజు నుంచీ తీసుకుంటారట. విసనకర్ర బల్ల మీద పెట్టేటప్పుడు ఆనాడు కోటు జేబుల్లో దాచుకున్న నా చేతులు కూడా గుర్తున్నాయి. గుర్తుండే పెట్టాను.

నా కొడుకు సంగతి రాశావు. ఆల్మెడా ఆ ముక్క వదిలేసి చదివింది. నాకు చదవడం రాకపోయినా, మనిషి ఎక్కడ తడబడిందో తెలుస్తుంది. మళ్లీ చదివించుకున్నాను.

నువ్వు హోటలు వెతకనక్కర్లేదు. కాటన్ క్వీన్ నుంచి నాకు కవరు వచ్చింది. కాళ్లెత్తి ఆడే పిల్లలే, పేకముక్కలే. మీద నా పేరు. తపాలా పెట్టె దగ్గరే నిలబడి చూశాను, కుర్చీలో కూర్చుని తల ఎత్తుకుని ఉంది. అక్టోబరులో రెండు రాత్రులు ఊరికే. రెండు మంచాల గది, తొట్టికి కమ్మీ ఉందట. చర్చి ఆడవాళ్ల బస్సు ఒకటి క్లార్క్స్‌డేల్ నుంచి వెళుతుంది. వాళ్ల పాస్టరు కూడా పేకాటకి వస్తాడట, బ్లాక్‌జాక్ ఆడతాడు. నేను కిటికీ పక్క మంచం మీద పడుకుంటాను. రెండోదాని మీద నా టోపీ పెట్టుకుంటాను.

కవరుతో పాటు తిరిగి పంపాల్సిన చీటీ ఉంది. అందులో రెండు గీతలున్నాయి. మొదటిది గది ఎవరిదో వాళ్ల పేరుకి, రెండోది కూడా వచ్చేవాళ్ల పేరుకి. మొదటి గీత మీద నేనే రాశాను. ఆల్మెడా పెన్ను అందుకుని, "రెండో దాని మీద వెర్నెల్ అని రాయనా లూవీనియా? డెబ్బయ్యొక్కేళ్ల మనిషి, ఒక్కతీ ఉంది" అంది. కళ్లు తుడుచుకుంది కూడా, నీకోసం. దాని చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టేశాను.

నాకు రాయడం వచ్చింది ఒక్క పేరే.

లూవీనియా